కొత్తపేట కోట ఎలా పడింది

ముందుగా మా ఊరి కొత్తిమీర గురించి ఒక మాట చెప్పాలి. అమెరికాలో మేముండే బాతెల్‌లో, మేం వెళ్ళే ఇండియన్ స్టోర్‌లో కూరగాయల మీద ఉండుండి నీళ్ళు చిమ్మే గొట్టం ఒకటి బిగించారు. చూడ్డానికి చాలా బావుంటుంది. కట్టలన్నీ అప్పుడే తోటలోంచి కోసుకొచ్చినట్టు నిగనిగలాడుతుంటాయి. ఇంటికి తెచ్చి రబ్బరు బ్యాండ్ విప్పితే మధ్యలో అంతా జిగురు. పైన పచ్చగా, లోపల కుళ్ళి. దీన్ని ఉపమానంగా తీసుకోకండి. నేను నిజంగా కొత్తిమీర గురించే మాట్లాడుతున్నాను. ఆ షాపు ఆయనకి మర్యాదగా చెప్పాను. ఆయన అంతకంటే మర్యాదగా విన్నాడు. గొట్టం ఇప్పటికీ చిమ్ముతూనే ఉంది.

చదువుకున్న మనిషి కొత్తిమీర గురించి ఇంతసేపు మాట్లాడుతున్నాడంటే ఇంకేదో చెప్పకుండా తప్పించుకుంటున్నాడని మీరు ఈపాటికి కనిపెట్టే ఉంటారు. నిజమే. కొన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. నడుం వంగిపోయేంత బరువు కాదు. జేబులో పెట్టుకుని మర్చిపోయిన రాయి లాంటిది. కూర్చున్నప్పుడల్లా గుచ్చుకుంటుంది. లేచినప్పుడు గుర్తుండదు. అందుకే ఇన్నేళ్ళూ ఎక్కువగా నిలబడే ఉన్నాను.

చెప్పేస్తాను. నేనొక కోటని శత్రువుకి అప్పగించాను. లోపల ఉండి. ఆ కోట నా సొంత మామగారిది. నేరం నా స్నేహితుడు రమణ మీద పడింది. పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఊరుకున్నాను అంటే అది కూడా పూర్తి నిజం కాదు. ఆ సంగతి దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను, ధైర్యం మిగిలితే.

మా మామయ్యగారు ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. గోదావరి కాలువల మీద జన్మంతా గడిపిన మనిషి. ఆ ఏడు చలికాలం మొదట్లో ఆయనా అత్తయ్యగారూ ఆరు నెలలకని మా ఇంటికొచ్చారు. మొదటి వారం మా కాలనీలోని వాననీటి కాలువలన్నీ నడిచి చూసి, వాలు తప్పుగా ఇచ్చారని తేల్చారు. రెండో వారానికి చూడ్డానికి కాలువలు మిగల్లేదు. మా ఆవిడ శైలజ ఆయన్ని లైబ్రరీకి తీసుకెళ్ళింది. అక్కణ్ణుంచి ఆయన రెండు చేతులతో మోయాల్సినంత పుస్తకం ఒకటి తెచ్చారు. ఐరోపాలో మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి కోటల గురించి.

అందులో ఒక ఊరి బొమ్మ ఆయన్ని పట్టేసింది. రెండు రాజ్యాల సరిహద్దులో ఉన్న ఊరు. చుట్టూ నక్షత్రం ఆకారంలో కోట. ఈ రాజు ఓసారి, ఆ రాజు ఓసారి దాన్ని ముట్టడించి పట్టుకునేవాడట. ఊళ్ళోవాళ్ళకి పన్ను ఎవరికి కట్టాలన్న విషయంలో తప్ప పెద్ద తేడా ఉండేది కాదనుకుంటాను.

“చూశారా అల్లుడుగారూ, గోడలు ఎంత పొట్టిగా ఉన్నాయో?” అన్నారాయన. “ఫిరంగి వచ్చాక ఎత్తు గోడలు పనికిరాకుండా పోయాయి. రాయి పగులుతుంది. మట్టయితే గుండుని మింగేస్తుంది. అందుకని అంతా మట్టి, వెడల్పు, వాలు. ఇది కోటేమిటండీ? కరకట్ట!”

జీవితమంతా కరకట్టలు కట్టిన మనిషికి యూరప్ వాళ్ళు కూడా కరకట్టలతోనే యుద్ధాలు చేశారని తెలిస్తే ఎలా ఉంటుంది? పక్క వీధిలో చుట్టం దొరికినట్టు ఉంటుంది. ఆ కోటని ఇసుకతో కట్టి చూస్తానన్నారు. ఆ వారాంతానికి నా కారు గరాజ్ బయటికి వచ్చింది. “ఒక్క వారం పెట్టుకోండి చాలు” అన్నాన్నేను. ఎంత ఉదారంగా అన్నానో నాకిప్పటికీ గుర్తుంది.

ఆ ఊరి అసలు పేరులో పలికే అక్షరాల కన్నా పలకని అక్షరాలు ఎక్కువ. మామయ్యగారు కొన్నాళ్ళు ప్రయత్నించి, కొత్తపేట అని పెట్టేశారు. కింద ప్లాస్టిక్ షీటు, దాని మీద ప్లైవుడ్, దాని మీద బస్తాల కొద్దీ ఇసుక. అట్టపెట్టెలతో ఇళ్ళు. బురుజుల వాలు నునుపు చేయడానికి మా అట్లకాడ. అది వంటింట్లోకి మళ్ళీ రాలేదు. సైనికులు పప్పు ధాన్యాలు: లోపల మనవాళ్ళు కందిపప్పు, బయట శత్రువులు శనగలు. యుద్ధంలో పోయిన కందిపప్పుని తిరిగి డబ్బాలో పోస్తే ఒప్పుకోనని శైలజ మొదటిరోజే చెప్పింది. వీరుల్ని పప్పులో వేయకూడదని ఆమె ఉద్దేశమో, ఇసుక రాళ్ళు తగులుతాయని ఉద్దేశమో నేను అడగలేదు.

కోట ఉంటే చాలదు కదా. ముట్టడించేవాళ్ళు కావాలి. శైలజ ఆఫీసులో పనిచేసే మాధవి ముందుకొచ్చింది. వరంగల్ అమ్మాయి. చదరంగంలో ఎవరినీ క్షమించదని పేరు. కోట వైపు మామయ్యగారు కిల్లేదారు. ఆయన కింద ఇద్దరం: నేనూ, రమణా. శైలజ మధ్యవర్తి. తండ్రి ఒక పక్క, స్నేహితురాలు ఒక పక్క కాబట్టి న్యాయం తప్పదని అందరం నమ్మాం. శనివారం శనివారం మధ్యాహ్నం ఆట. అత్తయ్యగారు పైనుంచి కేకేసేవారు: “మీ యుద్ధం అయ్యాక అన్నాలకి రండి. చారు చల్లారిపోతోంది.”

రమణ గురించి చెప్పాలి. నాకు యూనివర్సిటీ రోజుల నుంచీ స్నేహితుడు. మామయ్యగారిదీ వాడిదీ ఒకటే జిల్లా. మొదటి పరిచయంలోనే బాబాయిగారూ అని వరస కలిపేశాడు. వాడికి మాట ఆగదు. మనసులో పుట్టిన మాటకి నోటి దాకా రావడానికి పట్టే సమయం మనందరికీ కొంత ఉంటుంది. వాడికి లేదు. శైలజ పుట్టినరోజుకి నేను రహస్యంగా పార్టీ ఏర్పాటు చేస్తే, శైలజకే ఫోన్ చేసి దారి అడిగిన మనిషి. అయినా వాడొస్తే ఇల్లు నిండినట్టుండేది. ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ రోజూ మా గరాజ్ దగ్గర ఆగి, మామయ్యగారితో ఓ గంట ఇసుక దగ్గర కూర్చునేవాడు. నేను లోపల ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వాళ్ళ నవ్వులు వినేవాణ్ణి. అల్లుణ్ణి నేనా వాడా అన్న అనుమానం ఒకటి రెండుసార్లు వచ్చింది. దాన్ని అసూయ అనను. ఇంకో పేరు కూడా నాకు తెలీదు.

ఆట ఇలా నడిచేది. ముట్టడించేవాళ్ళు గోడ మీదికి నేరుగా పరిగెత్తరు. పరిగెత్తితే ఫిరంగులు ఊడ్చేస్తాయి. దూరం నుంచి కందకాలు తవ్వుకుంటూ వస్తారు, వంకరటింకరగా, గోడ మీంచి గుండు నేరుగా తగలకుండా. వారం వారం మాధవి ఒక చెంచాతో ఇసుక తవ్వుతుంది. ఆమె గోడకి ఎంత దగ్గరకొస్తే మాకంత ప్రమాదం. గుండు తగిలిందా లేదా అన్నది శైలజ వేసే పాచికలు తేలుస్తాయి. మామయ్యగారు తిరుగు విమానం ఎక్కేదాకా కోట నిలబడితే మేం గెలిచినట్టు.

విమానం వసంతంలో. అంటే నా కారు చలికాలమంతా బయట. ఇది నేను ఆలస్యంగా లెక్కగట్టాను.

అసలు రహస్యం ఇప్పుడు. కోటకి దక్షిణాన పల్లం. ఆ పల్లానికి ఎగువన మామయ్యగారు ఒక తూము కట్టారు. ఉత్తుత్తి తూము కాదు, పనిచేసేది. షెల్ఫ్ మీద బట్టల సబ్బు డబ్బాల వెనక నీళ్ళ టబ్బు. దాన్నుంచి ఇసుకలోంచి కనపడకుండా వచ్చే సన్నటి గొట్టం. గొట్టం చివర ఐస్‌క్రీమ్ పుల్లలతో చేసిన చిన్న తలుపు. దారం లాగితే తలుపు లేస్తుంది, నీళ్ళు పల్లమంతా కమ్మేస్తాయి. ఆ పుస్తకంలోని ఊళ్ళలో నిజంగానే అలా చేసేవారట. ఇది తెలిసింది మా ముగ్గురికే. మధ్యవర్తికి ఆ సంగతి రాసి ఒక కవర్లో పెట్టి ఇచ్చాం, అవసరమైనప్పుడు విప్పమని.

“ఆవిడ పల్లం వైపు నుంచే వస్తుంది” అన్నారు మామయ్యగారు. “అక్కడ తవ్వడం తేలిక. రానివ్వాలి. కందకాల నిండా శనగలు ఉండాలి. అప్పుడు...” రెండు వేళ్ళతో గాల్లో దారం లాగి చూపించారు.

“బాబాయిగారూ, ఒళ్ళు పులకరిస్తోందండీ” అన్నాడు రమణ.

“నీ ఒళ్ళు సరేనయ్యా. నోరు జాగ్రత్త.”

తర్వాత ఆయన నవ్వుతూనే ఒక మాటన్నారు. “సర్వీసంతా కాలువ లాకుల మీదే గడిచింది. ఎప్పుడు ఎత్తాలో పైనుంచి ఆర్డర్ వచ్చేది. నా అంతట నేను అనుకుని ఒక్క లాకు ఎత్తలేదు. ఇదొక్కటి నా ఇష్టం.”

ముగ్గురం ఇసుక మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నాం. ‘నా ఇష్టం’ అన్న ఆయన మాట నేను విన్నాను. బాగానే విన్నాను. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత చేసిన పని తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

డిసెంబర్‌లో మంచు గట్టిగా పట్టడం మొదలైంది. మా ఊళ్ళో మంచు సినిమాల్లో లాగా దూదిలా పడదు. పొద్దున లేచేసరికి కారు అద్దం మీద గాజు మీద గాజు వేసినట్టు ఉంటుంది. గీకే పరికరం కొనుక్కోవడం ఓటమి ఒప్పుకున్నట్టని, పాత లైబ్రరీ కార్డుతో గీకేవాణ్ణి. చేతి వేళ్ళు మొద్దుబారి, ఏడున్నర మీటింగ్‌లో మ్యూట్ తీయడానికి రెండుసార్లు నొక్కాల్సి వచ్చేది. గోడకి అవతల, వెచ్చగా, నా కారు ఉండాల్సిన చోట, కందిపప్పు నిద్రపోతుండేది.

ఖాళీ చేయమని అడగొచ్చు కదా? నేనూ నన్ను అదే అడిగాను. కానీ ఒక రాత్రి భోజనం దగ్గర శైలజ, “నాన్నని ఇంత హుషారుగా నేనెప్పుడూ చూళ్ళేదు తెలుసా” అంది. ఆ తర్వాత అడిగే మొగుడు లోకంలో ఉంటాడేమో. నేను కాదు. నేను మంచివాణ్ణి. మంచివాళ్ళు ఎదురుగా అడగరు. చాటుగా చేస్తారు.

ఒక ఆదివారం ఇండియన్ స్టోర్‌లో, సరిగ్గా ఆ నీళ్ళు చిమ్మే గొట్టం కింద, మాధవి కనిపించింది. కొత్తిమీర కట్టలు ఏరుతోంది.

“ఏమన్నా, మీ కోట ఎన్ని రోజులుంటదంటవ్?” అంది నవ్వుతూ.

నవ్వి ఊరుకుంటే సరిపోయేది. నేను ఒక కట్ట తీసుకుని, దాని వేర్లు చూస్తూ అన్నాను: “పల్లం వైపు తవ్వకు.”

“ఏముందక్కడ?”

“ఏం లేదు. ఉత్తరం వైపు ఎత్తు నుంచి రా. కష్టమే, కానీ రా.”

ఆమె చేతిలో కట్ట అలాగే పట్టుకుని నన్ను చూసింది. “అన్నా, నువ్వు ఎవరి దిక్కు?”

“త్వరగా అయిపోయే దిక్కు.”

“మీ మామకు తెలిస్తే?”

“ఎలా తెలుస్తుంది?”

గొట్టం చిమ్మింది. ఇద్దరం ఓ అడుగు వెనక్కి వేశాం. అంతే. కోటలు పడిపోవడానికి ఇంతకన్నా పెద్ద మాటలు అవసరమని నేను అనుకునేవాణ్ణి.

ఇంటికొస్తూ దారంతా నాకు నేనొక కారణం చెప్పుకున్నాను. నీళ్ళు నిజంగా వదిలితే గరాజ్ గోడ చెమ్మగిల్లుతుంది, అది పాడైతే రిపేరు ఎంతవుతుందో, ఇంటి పెద్దగా నేను ఆలోచించాలి కదా అని. మంచి కారణం. కింద ప్లాస్టిక్ షీటు పరిచింది నేనే అన్న సంగతి గుర్తొచ్చేదాకా బాగానే నిలబడింది. అసలు కారణం మీకు తెలుసు. చరిత్రలో కోటలు అమ్మినవాళ్ళు జాగీర్ల కోసం అమ్మారు, పదవుల కోసం అమ్మారు, కనీసం ప్రాణభయంతో అమ్మారు. నేను పార్కింగ్ కోసం అమ్మాను. అది కూడా నా సొంత ఇంట్లో.

తర్వాతి శనివారం మాధవి పల్లం వైపు తను తవ్విన కందకాలన్నీ వదిలేసి ఉత్తరం వైపు కొత్తగా మొదలుపెట్టింది. గట్టి ఇసుక. వారాల శ్రమ వృథా. తెలివైన వాళ్ళెవరూ అలా చేయరు. మామయ్యగారు చాలాసేపు ఆ కొత్త కందకం వైపే చూశారు. ఆయన ఫిరంగులన్నీ దక్షిణం వైపు ఉన్నాయి. ఉత్తరం బురుజు మీద గుప్పెడు కందిపప్పు తప్ప ఎవరూ లేరు. వాటిని తిప్పేసరికి ఆలస్యమైంది.

జనవరి వెళ్ళకముందే కొత్తపేట పడిపోయింది. శైలజ పాచికలు వేసి, గోడ పగిలిందని తీర్పు చెప్పింది. తండ్రి మొహం చూడకుండా చెప్పింది.

లొంగిపోయిన కిల్లేదారు తాళంచెవి అప్పగించాలని పుస్తకంలో ఉందట. మామయ్యగారు లేచి, చొక్కా సర్దుకుని, గరాజ్ రిమోట్ తీసి రెండు చేతులతో మాధవికి అందించారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన కూడా కొట్టారు. తర్వాత షెల్ఫ్ దగ్గరికెళ్ళి, సబ్బు డబ్బాలు పక్కకి జరిపి, టబ్బు దించి, అందులో నీళ్ళు బయట గులాబీ మొక్కకి పోసి వచ్చారు. కవరు శైలజ చేతిలో విప్పకుండా ఉండిపోయింది.

“లోపలి మాట బయటికి వెళ్ళింది” అన్నారు. కోపంగా కాదు. లెక్కలో ఎక్కడో తప్పు దొరికినట్టు.

ఎవరూ ఎవరి పేరూ అనలేదు. కానీ గదిలో చూపులన్నీ ఒకే చోటికి చేరాయి. వాటిని తప్పుపట్టలేం. వాడి చరిత్ర అలాంటిది.

మీరు ఊహించనిది ఇప్పుడు జరిగింది. రమణ మొహం ఎర్రబడింది. “నేనే అయ్యుంటాను బాబాయిగారూ” అన్నాడు. “ఎప్పుడన్నానో గుర్తులేదు. ఎవరితో అన్నానో గుర్తులేదు. ఆ మధ్య ఫోన్‌లో మాధవితో ఏదో మాట్లాడాను. అందులో దొర్లేసి ఉంటుంది. నాకు ఈ రోగం ఉంది. క్షమించండి.”

వాడు అబద్ధం చెప్పలేదు. నిజంగానే నమ్మాడు. చేయని నేరాన్ని నిజాయితీగా ఒప్పుకునే మనిషిని నేను అదే మొదటిసారి, బహుశా చివరిసారి, చూశాను. మాధవి నా వైపు చూసింది. నేను ఇసుక వైపు చూశాను.

ఇప్పుడు చెప్పాల్సింది ఉంది. ఇందాక దాటేసినది. ముందుగా నోరు తెరిచింది నేనే. “పోనీలేరా” అని వాడి భుజం మీద చెయ్యి వేశాను. “బాబాయిగారి తూము తెరుచుకోలేదు గానీ మన రమణ తూము ఎప్పుడూ తెరిచే ఉంటుంది.” అందరూ నవ్వారు. మామయ్యగారు కూడా కొంచెం నవ్వారు. రమణ అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆ రోజు నుంచి వాడు తూము రమణ. పిల్లల నోట తూమ్ అంకుల్. పాట్‌లక్‌లో ఎవరేం తేవాలో చెప్పే మెసేజ్‌లో కూడా అదే: తూము, పులిహోర.

నాకు జోకులు బాగా వస్తాయని అంటారు. ఎందుకు వస్తాయో అప్పటిదాకా ఆలోచించలేదు.

మర్నాడు ఇసుక ఎత్తేశాం. నా కారు లోపలికి వచ్చింది. ఆ వారం నుంచే ఎండ కాసింది. ఆ సీజన్‌లో ఇక కారు బయట ఉన్నా అద్దం గీకాల్సిన పొద్దు రాలేదు. ప్రకృతికి కూడా హాస్యం ఉంది. నాకన్నా బాగుంది.

మామయ్యగారు వెళ్ళేదాకా రమణ రావడం మానలేదు. కానీ ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ ఆగడం తగ్గింది. వచ్చినా కుర్చీ చివర కూర్చునేవాడు. మామయ్యగారు ఎప్పటిలాగే ఆప్యాయంగా ఉండేవారు. ఒక్క తేడా. ఇదివరకు వాడితో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి, దగ్గరికి వంగేవారు. ఇప్పుడు అందరికీ వినపడేలా మాట్లాడేవారు. ఇంత చిన్న తేడాని పట్టుకున్నది ఆ ఇంట్లో ఇద్దరమే అనుకుంటాను. రమణ ఒకడు.

మాధవి తర్వాత టెక్సాస్ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు, “ఎవరికీ చెప్పలేదన్నా” అంది. నన్ను ఓదార్చడానికే అంది. మంచి అమ్మాయి.

ఇదంతా ఆటే కదా, పప్పులూ ఇసుకే కదా అని మీరు అంటారు. నేనూ ఏళ్ళ తరబడి అదే అన్నాను. చాలా బాగా అన్నాను. నన్ను నేను దాదాపు ఒప్పించాను కూడా. కిందటేడు దాకా.

కిందటేడు రమణ ఉద్యోగం పోయింది. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోయి, ఇంకోటి త్వరగా దొరక్కపోతే దేశమే వదలాలని ఇక్కడ ఎవరికీ వివరించక్కర్లేదు. వాడు ఎవరికీ చెప్పలేదు. రోజూ ఆఫీసుకి వెళ్తున్నట్టే బయల్దేరి, లైబ్రరీలో కూర్చుని అప్లికేషన్లు పెట్టుకున్నాడు. మా కంపెనీలోనే అప్పుడు ఖాళీలున్నాయి. నేను ఒక్క మాట చెబితే ఇంటర్వ్యూ వచ్చేది. వేరే ఉద్యోగం దొరికాక, గండం గడిచాక, మా ఇంట్లో పెసరట్టు తింటూ తాపీగా చెప్పాడు.

“ఒక్క మాట చెప్పొచ్చు కదరా!” అని నేను అరిచినంత పని చేశాను.

“అనుకున్నాన్రా” అన్నాడు అల్లం పచ్చడి వేసుకుంటూ. “కానీ నేను ఒకరికి చెబితే నలుగురికి చెప్పేస్తాను. నా నోటి సంగతి నాకు తెలుసుగా. మీ మామయ్యగారి విషయంలో చూశాంగా. అందుకని అసలు తెరవడమే మానేశాను. ఇప్పుడు చాలా విషయాల్లో అంతేలే.” నవ్వాడు. “ఇంకో అట్టు ఉందా?”

ఉంది. వేశాను. అంచు మాడింది. పెనం వేడి అనుకున్నాను.

మాటలే ఆస్తిగా ఉన్న మనిషిని, మాటల మీద అనుమానం పెట్టుకునేలా చేశాను. వాడి గొంతులోంచి ఎన్ని కబుర్లు తీసేశానో వాడికే తెలీదు. నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? ఇన్నేళ్ళలో వాడు చెప్పకుండా మింగేసినవి ఇంకేం ఉన్నాయి? అడగలేదు. అడిగితే వాడు ‘ఎందుకడుగుతున్నావు’ అంటాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. అట్టు వేస్తూనే. ఎందుకు చెప్పలేదంటే, వాడు క్షమించడని కాదు. క్షమించేస్తాడని. ఒక్క నిమిషంలో క్షమించేసి, నవ్వేసి, నాకే ధైర్యం చెప్పి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఆ రాయి ఎవరి జేబులో ఉండాలి? ఇది గొప్ప ఆలోచనలా వినిపిస్తోందా? నాకూ అలాగే వినిపించింది. పిరికితనానికి ఇంత మంచి భాష నా దగ్గర ఉందని నాకే తెలీదు.

ఈ వేసవిలో మామయ్యగారు మళ్ళీ వచ్చారు. ఈసారి వచ్చిన రోజే నా కారు నేనే బయట పెట్టాను. ఎవరూ అడక్కుండానే. ఎండాకాలం కాబట్టి ఇందులో త్యాగం ఏమీ లేదు. అయినా లెక్కలో వేసుకున్నాను.

మొన్న శనివారం మధ్యాహ్నం గరాజ్‌లో ఆయన కొత్త కోట కడుతున్నారు. వేరే ఊరు. ఇంకా పెద్దది. మోకాళ్ళ కింద దిండు వేసుకుని, ఇసుక వాలు చెంచాతో నునుపు చేస్తున్నారు. నేను నీళ్ళు చిలకరిస్తున్నాను.

“ఈసారి తూము రెండు వైపులా పెడదాం” అన్నారు. “ఎటు నుంచి వచ్చినా సరే.” ఆ తర్వాత మామూలుగా, వాలు మీంచి చూపు తిప్పకుండా: “మనుషుల్ని కూడా చూసుకోవాలండి. రమణని ఈసారి అవతలి పక్షంలో వేద్దాం. బంగారం లాంటి పిల్లాడు. కానీ లోపలి మాట చెప్పలేం కదా.”

సరేనండీ అనబోయాను. నిజంగా అనబోయాను, నోట్లో ఉంది. దాని బదులు ఇంకేదో వచ్చింది.

“మామయ్యగారూ, ఆ రోజు చెప్పింది రమణ కాదు. నేను.”

చెంచా ఆగింది. నేను ఆగలేదు. మొదలైతే ఆపడం నాకు తెలీదని అప్పుడే తెలిసింది. కొత్తిమీర, పల్లం, ఉత్తరం వైపు, కారు, అద్దం మీద మంచు, ప్లాస్టిక్ షీటు. భుజం మీద వేసిన చెయ్యి, ఆ పేరు పెట్టింది నేనేనన్న సంగతి. కిందటేడు లైబ్రరీలో కూర్చున్న రమణ. ఆయన తన ఇష్టంతో ఎత్తాలనుకున్న ఆ ఒక్క తూముని, ఆయన చేతుల్లోంచి ఒక పార్కింగ్ చోటు కోసం లాగేశానని కూడా చెప్పాను. ఎక్కడా జోకు వేయలేదు. వేద్దామని రెండుచోట్ల అనిపించింది.

చెప్పడం అయ్యాక చిత్రంగా ఒళ్ళు తేలికైంది. ఆయన ఏమంటారన్న భయం ఉంది. అయినా తేలికైంది. చాలా ఏళ్ళ తర్వాత హాయిగా కింద కూర్చున్నాను, ఇసుక పక్కన, గచ్చు మీద.

ఆయన చెంచాకి అంటుకున్న తడి ఇసుకని వేలితో తుడిచారు. కోపం కనపడలేదు. క్షమ కూడా కనపడలేదు. వంగి, ఇందాక ఆపిన చోట వాలు మళ్ళీ నునుపు చేయడం మొదలుపెట్టారు. అలా చేస్తూనే, నా వైపు చూడకుండా అడిగారు:

“రమణకి చెప్పకుండా నాకెందుకు చెబుతున్నారు?”